మధ్యయుగ ఫ్రెంచ్ ప్రభు కుటుంబ వంశవృక్షం, వారసత్వ క్రమం తప్పుల్లేకుండా గీయడం ఎలా? (షాంపేన్ కౌంట్ల ఉదాహరణతో)

"ఐదో తిబో 1191లో చనిపోయాడా, 1270లోనా?" "నవార్ రాజు ఒకటో తిబో, షాంపేన్ నాలుగో తిబో ఒకరేనా?" "పెద్దన్న బతికుండగా తమ్ముడికి పదవి ఎలా వచ్చింది?" ఇలాంటి ప్రశ్నలు వరసగా వస్తున్నాయి. విడివిడిగా జవాబులు రాస్తూ పోయే బదులు పద్ధతి మొత్తం ఒకేచోట పెడుతున్నాను.

ఉదాహరణకు షాంపేన్ కౌంట్ల కుటుంబాన్ని తీసుకున్నాను. కౌంట్ అంటే ఒక ప్రాంతాన్ని వారసత్వంగా ఏలే ప్రభువు, ఆ ప్రాంతం కౌంటీ. పారిస్‌కు తూర్పున ట్రువా, ప్రోవాన్ పట్టణాల చుట్టూ ఉన్న ప్రాంతం వీళ్లది. పైన చెప్పిన నవార్ స్పెయిన్ వైపున్న ఒక చిన్న రాజ్యం. ఒక వంశవృక్షంలో రాగల చిక్కులన్నీ ఈ ఒక్క ఇంట్లోనే ఉన్నాయి. ఇది గీయగలిగితే మిగతావి పెద్ద కష్టం కాదు.

## 1. మొదలుపెట్టే ముందు

ముందు ప్రశ్నను కుదించండి. "షాంపేన్ వంశం" అంటే ఎక్కడా తెగదు. "1152 నుంచి 1361 వరకు షాంపేన్ కౌంటీ ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లింది?" అని అడిగితే జవాబు వస్తుంది. ఒక భూమి, ఒక మొదలు, ఒక చివర ఉండాలి.

దగ్గర పెట్టుకోవాల్సినవి:

- ఏ3 కాగితాలు రెండు, లేదా స్ప్రెడ్‌షీట్‌లో రెండు షీట్లు
- రెండు రంగుల పెన్నులు
- ఆ శతాబ్దాల ఈస్టర్ తేదీల పట్టిక (ఎందుకో 5వ మెట్టులో చెబుతాను)
- పెన్సిల్, రబ్బరు. వీటిని చిన్నచూపు చూడకండి.

గ్రాంప్స్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ వాడొచ్చు కానీ మొదటి డ్రాఫ్ట్ కాగితం మీదే గీయమంటాను. సాఫ్ట్‌వేర్ ప్రతి గడీ నింపమని అడుగుతుంది. తెలియని చోట మనం ఏదో ఒకటి కొట్టేస్తాం, ఆరు నెలలయ్యాక దాన్నే నిజమనుకుంటాం.

ఆధారాల కోసం ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం వారి గాలికా సైట్ ఉచితం. 19వ శతాబ్దంలో అచ్చు వేసిన పాత దస్తావేజుల సంపుటాలు అక్కడ చాలానే దొరుకుతాయి.

## 2. రక్తానికి ఒక చార్టు, భూమికి ఒక చార్టు

ఈ గైడ్‌లో ఒక్క మెట్టే గుర్తుంచుకుంటానంటే ఇదే గుర్తుంచుకోండి. ఎవరు ఎవరికి పుట్టారన్నది ఒక విషయం. భూమి ఎవరికి వెళ్లిందన్నది ఇంకో విషయం. రెండూ ఒకే గీత మీద నడుస్తాయనుకోవడం వల్లే సగం తప్పులు వస్తాయి.

రక్తం చార్టులో తల్లి, తండ్రి, పిల్లలు, పెళ్లిళ్లు ఉంటాయి. చిన్నప్పుడే పోయిన పిల్లలు, బిషప్పులైన కొడుకులు, సన్యాసినులైన కూతుళ్లు కూడా ఉండాలి.

భూమి చార్టులో మనుషులు కాదు, చేతులు మారిన సందర్భాలు ఉంటాయి. ప్రతి వరసకు ఐదు గడులు గీయండి:

- ఏ భూమి
- ఎవరి నుంచి ఎవరికి
- ఏ తేదీన
- ఏ హక్కుతో (కొడుకుగా, తమ్ముడిగా, మేనల్లుడిగా, భార్య తరఫున, కొనుక్కుని, రాజీలో)
- ఎవరైనా అభ్యంతరం చెప్పారా

మన కథ మొదలే ఇందుకు ఉదాహరణ. ట్రువా కౌంట్ యూగ్ 1125లో టెంప్లర్ల (క్రైస్తవ యోధ సన్యాసుల) సంఘంలో చేరిపోయాడు. ఆయన భార్యకు ఎయూద్ అనే కొడుకున్నాడు. ఆ బిడ్డ తనకు పుట్టలేదని యూగ్ అన్నాడు. కౌంటీని అన్న కొడుకు, బ్లువా కౌంట్ తిబోకు ఇచ్చేశాడు. రక్తం చార్టులో ఎయూద్ పక్కన ప్రశ్నార్థకం పడుతుంది. భూమి చార్టులో మాత్రం సందేహం లేదు: బాబాయి నుంచి అన్న కొడుక్కి, 1125.

ఆ తిబోకు గియోమ్ అని ఒక అన్న ఉండేవాడు. అతన్ని పక్కన పెట్టేశారు. పెళ్లి ద్వారా వచ్చిన సుల్లీ భూములతో సరిపెట్టుకున్నాడు. కాబట్టి "పెద్దకొడుకు కాబట్టి వారసుడు" అని ఎక్కడా ఊహించి రాయకండి.

## 3. పేర్లు, నంబర్లు

ఇంగ్లీషు పుస్తకంలో థియోబాల్డ్, ఫ్రెంచ్‌లో తిబో, లాటిన్ దస్తావేజులో తేయోబాల్దుస్, స్పెయిన్ వైపు తెయోబాల్దో: నలుగురూ ఒకే మనిషి కావచ్చు. ఒక రూపం ఎంచుకుని చివరిదాకా దానితోనే ఉండండి. నేను ఫ్రెంచ్ రూపం వాడుతున్నాను. హెన్రీని ఆన్రీ అంటాను, జోన్‌ను జాన్ అంటాను. ఈ వ్యాసంలో జాన్ అంటే ఆడమనిషే.

నంబర్లు ఇంకా ప్రమాదం. నంబరు మనిషిది కాదు, భూమిది. 1125లో షాంపేన్ అందుకున్న తిబో బ్లువాలో నాలుగోవాడు, షాంపేన్‌లో రెండోవాడు. అతని కొడుకు తిబో బ్లువాలో ఐదోవాడు, 1191లో పోయాడు. షాంపేన్ ఐదో తిబో వేరే మనిషి, 1270లో పోయాడు, నవార్‌లో రెండో తిబో కూడా అతనే. నా మొదటి చార్టులో ఈ ఇద్దరు ఐదోవాళ్లనూ ఒకే పెట్టెలో పడేశాను. 79 ఏళ్ల తేడాతో రెండుసార్లు చచ్చిపోయిన మనిషి తయారయ్యాడు.

విరుగుడు తేలిక. ప్రతి మనిషికీ పుట్టిన లేదా చనిపోయిన సంవత్సరంతో ఒక గుర్తు పెట్టండి (మ అంటే మరణం): తిబో-మ1152, తిబో-మ1191, తిబో-మ1201, తిబో-మ1253, తిబో-మ1270. నంబర్లను పెట్టె కింద చిన్న అక్షరాల్లో, భూమి పేరుతో కలిపి రాయండి.

బిరుదులు కూడా చూసుకోవాలి. ఈ కుటుంబం లాటిన్ దస్తావేజుల్లో "ట్రువా కౌంట్" అని కనబడుతుంది. "షాంపేన్" అనే మాట కోసం వెతికి, లేదని వదిలేస్తే అసలు కాగితం చేజారిపోతుంది.

## 4. బంధుత్వ పదాలు: ఇక్కడ మనకే లాభం

ఇంగ్లీషులో "అంకుల్" అంటే ఎవరైనా కావచ్చు. లాటిన్‌లో అలా కాదు, తెలుగులోనూ అలా కాదు. దస్తావేజులోని మాటను ఇంగ్లీషు మీదుగా కాకుండా నేరుగా తెలుగులోకి తెచ్చుకోండి:

- ఆవున్‌కులుస్: మేనమామ
- పాత్రువుస్: పెదనాన్న లేదా బాబాయి
- అమితా: మేనత్త
- మాతెర్‌తెరా: పెద్దమ్మ లేదా పిన్ని
- గెనెర్: అల్లుడు
- నెపోస్: మనవడు కావచ్చు, తోబుట్టువు కొడుకు కావచ్చు

చివరి మాట దగ్గర ఆగండి. "నెపోస్" ఒక్కటే కనబడితే తరం తేల్చకూడదు, ఇంకో ఆధారం కావాలి. ఆవున్‌కులుస్‌ను కూడా కొందరు రాయసగాళ్లు తండ్రి వైపు వాళ్లకు వాడేశారు. ఒక్క మాట మీద చార్టు కట్టకండి.

ఇప్పుడు అసలైన ముడి. తిబో-మ1152 పెద్దకొడుకు మొదటి ఆన్రీ. ఫ్రాన్స్ రాజు ఏడో లూయీకి మొదటి భార్య ఎలియనోర్ వల్ల మారీ, ఆలిక్స్ అని ఇద్దరు కూతుళ్లు. మారీని ఆన్రీ, ఆలిక్స్‌ను ఆన్రీ తమ్ముడు బ్లువా తిబో చేసుకున్నారు. సొంత అక్కచెల్లెళ్లు తోడికోడళ్లయ్యారు. ఇంతవరకూ మనకు తెలిసిన వ్యవహారమే.

కానీ అదే ఏడో లూయీ 1160లో ఈ అన్నదమ్ముల చెల్లెలు ఆదెల్‌ను మూడో పెళ్లి చేసుకున్నాడు. అంటే లూయీ ఆన్రీకి మామగారు, చెల్లెలి మొగుడు కూడా. ఆదెల్ మారీకి సవతి తల్లి, ఆడపడుచు కూడా.

ఆదెల్ కొడుకు రెండో ఫిలిప్, 1165లో పుట్టాడు. మారీ కొడుకు రెండో ఆన్రీ, 1166లో పుట్టాడు. తల్లి వైపు నుంచి చూస్తే ఫిలిప్ ఆన్రీకి మేనమామ, ఎందుకంటే మారీ, ఫిలిప్ ఒకే తండ్రి పిల్లలు. తండ్రి వైపు నుంచి చూస్తే మేనత్త కొడుకు, అంటే బావ. ఒకే మనిషి మామా, బావా! ఇంగ్లండ్ రాజు రిచర్డ్ కూడా ఆన్రీకి మేనమామే, ఎలియనోర్ రెండో పెళ్లి పిల్లల్లో ఒకడు కాబట్టి.

చార్టులో దీన్ని ఎలా చూపించాలి? ఒకే మనిషికి రెండు పెట్టెలు గీయకండి. ఒకే పెట్టె ఉంచి, రెండు రంగుల్లో రెండు గీతలు కలపండి. సవతి సంబంధాలకు చుక్కల గీత వాడండి.

ఇంకో హెచ్చరిక. మనకు మేనరికం మామూలే కాబట్టి దగ్గర బంధువుల పెళ్లి కనబడితే పట్టించుకోకుండా సాగిపోతాం. అక్కడ చర్చి నియమం ప్రకారం అది పెళ్లినే రద్దు చేయగల లోపం. 1215 దాకా ఏడో తరం వరకు, ఆ తర్వాత నాలుగో తరం వరకు నిషేధం. వారసత్వ తగాదాల్లో ఇదొక ఆయుధం. దగ్గరి సంబంధం కనబడితే పక్కన ఎర్ర చుక్క పెట్టుకోండి.

## 5. తేదీలు

ఆ రోజుల్లో ఫ్రాన్స్‌లో చాలాచోట్ల కొత్త సంవత్సరం జనవరి 1న మొదలయ్యేది కాదు, ఈస్టర్ రోజున మొదలయ్యేది. జనవరి 1 లెక్క 1564లో రాజాజ్ఞతో వచ్చింది.

కాబట్టి జనవరి నుంచి ఈస్టర్ వరకు ఉన్న తేదీలకు ఒక సంవత్సరం కలపాలి. తిబో-మ1152 జనవరిలో పోయాడు, ఈస్టర్ లెక్కలో అది 1151. మొదటి ఆన్రీ 1181 మార్చిలో పోయాడు, ఆ ఏడు ఈస్టర్ ఏప్రిల్ 5న వచ్చింది కాబట్టి పాత లెక్కలో 1180. రెండు పుస్తకాల్లో ఒక్క ఏడాది తేడా కనబడితే ముందు అనుమానించాల్సింది దీన్నే.

మఠాల్లో సంవత్సరీకాల పుస్తకాలు ఉండేవి. వాటిలో చనిపోయిన రోజు, నెల ఉంటాయి, చాలాసార్లు సంవత్సరం ఉండదు. మన తద్దినాల్లాగే, పూజకు తిథి కావాలి కానీ ఏడాదితో పనిలేదు. అలాంటి తేదీని సంవత్సరం గడి ఖాళీగా ఉంచి రాసుకోండి.

## 6. ఒక్కో తరం దించండి

ఇప్పుడు భూమి చార్టు మొదలుపెట్టండి.

1152. తిబో చనిపోగానే ఆస్తి చీలింది. పెద్దవాడు ఆన్రీ షాంపేన్ తీసుకున్నాడు. రెండోవాడు తిబోకు బ్లువా, షార్త్ర్. మూడోవాడు ఎతియెన్‌కు సాన్సెర్. నాలుగోవాడు గియోమ్ చర్చిలో చేరి రాన్స్ ఆర్చ్‌బిషప్ అయ్యాడు. తాతల నాటి బ్లువాను వదిలి పెద్దవాడు షాంపేన్ పట్టుకోవడం అప్పట్లో వింతగానే ఉండి ఉంటుంది. కానీ బ్లువా, సాన్సెర్ తమ్ముళ్లు అన్నకు విధేయత ప్రమాణం చేసి ఆ భూములు పట్టుకున్నారు. ఈ పైహక్కును (భూమి తమ్ముడిదే, అతని మీద ప్రభువు అన్న) చార్టులో విడిగా రాయండి, 1234లో అవసరం పడుతుంది.

1181. మొదటి ఆన్రీ నుంచి రెండో ఆన్రీకి. కొడుకు మైనరు కాబట్టి తల్లి మారీ పాలించింది. ఆమెను కౌంటీ యజమానిగా రాయకండి, "కొడుకు తరఫున" అని రాయండి.

1197. ఇక్కడ ఆగాలి. దీనికి వచ్చే మెట్టు మొత్తం కేటాయించాను.

1201. మే 24న మూడో తిబో పోయాడు. మే 30న అతని కొడుకు నాలుగో తిబో పుట్టాడు. తండ్రి పోయిన ఆరు రోజులకు పుట్టిన బిడ్డ వారసుడు. తల్లి నవార్ రాకుమారి బ్లాంష్, 1222 దాకా కౌంటీని నడిపింది.

1234. నాలుగో తిబోకు మేనమామ, నవార్ రాజు ఏడో సాంచో సంతానం లేకుండా పోయాడు. నవార్ మేనల్లుడికి వచ్చింది, అక్కడ ఒకటో తిబో ఇతనే. ఇక్కడి నుంచి భూమి చార్టులో రెండు నిలువు వరసలు కావాలి, ఒకటి షాంపేన్‌కు, ఒకటి నవార్‌కు. రెండింటి యజమాని ఒకరే అయినా కలపకండి. ఒక శతాబ్దం తర్వాత ఇవి మళ్లీ విడిపోతాయి.

1253, 1270, 1274. నాలుగో తిబో నుంచి కొడుకు ఐదో తిబోకు. అతను ఫ్రాన్స్ రాజు తొమ్మిదో లూయీ అల్లుడు, ట్యునీస్ దండయాత్ర నుంచి తిరిగొస్తూ సిసిలీలోని త్రాపానీలో పోయాడు. పిల్లల్లేరు, తమ్ముడు మూడో ఆన్రీకి వెళ్లింది. నాలుగేళ్లకు అతనూ పోయాడు. మిగిలింది 1273లో పుట్టిన ఒక్క పసిపిల్ల, జాన్.

ఒక్కో తరం పూర్తవగానే చూసుకోండి:

- తండ్రి పోయే నాటికి వారసుడి వయసు రాశారా?
- పాలించినవాళ్లు, హక్కుదారులు వేరైతే ఇద్దరినీ రాశారా?
- వితంతువుకు జీవితాంతం ఇచ్చిన భూములను వారసత్వంగా పొరబడలేదు కదా?
- తోబుట్టువులందరూ రక్తం చార్టులో ఉన్నారా?

## 7. మలుపు దగ్గర దావా కాగితం రాయండి

గీత నేరుగా దిగని ప్రతిచోటా ఒక విడి కాగితం తీసుకోండి. దానికి దావా కాగితం అని పేరు పెట్టాను. ఎవరు అడిగారు, ఏ హక్కుతో, ఎదుటివాళ్ల అభ్యంతరం ఏమిటి, ఎవరు తేల్చారు, ఏమిచ్చి ముగించారు: ఈ ఐదూ రాయాలి.

రెండో ఆన్రీ 1190లో పవిత్ర యుద్ధానికి బయల్దేరాడు. తాను తిరిగి రాకపోతే తమ్ముడు తిబోను కౌంటుగా ఒప్పుకోవాలని సామంతులతో ప్రమాణం చేయించాడు. అప్పటికి ఆన్రీకి పెళ్లి కాలేదు.

1192 ఏప్రిల్ 28న జెరూసలేం రాణి ఇజబెల్ భర్త కోన్రాడ్ హత్యకు గురయ్యాడు. మే 5న, సరిగ్గా వారానికి, ఆమె ఆన్రీని పెళ్లాడింది. ఆలిస్, ఫిలిపా అని ఇద్దరు కూతుళ్లు బతికారు. 1197లో ఆన్రీ ఆక్రా నగరంలో కిటికీలోంచి పడి చనిపోయాడు. షాంపేన్‌కు తిరిగి రాలేదు. ప్రమాణం ప్రకారం కౌంటీ తమ్ముడు మూడో తిబోకు పోయింది.

తమ్ముడు కూడా 1201లో పోయి, పసివాడు మిగిలాక చిక్కు మొదలైంది. ఎరార్ ద బ్రియెన్ అనే షాంపేన్ ప్రభువు తూర్పుకు వెళ్లి ఫిలిపాను పెళ్లి చేసుకుని వచ్చాడు. "అన్న కూతురు ఉండగా తమ్ముడి కొడుకెవరు?" అన్నాడు.

దావా కాగితం ఇలా ఉండాలి:

- అడిగినవారు: ఫిలిపా తరఫున భర్త ఎరార్.
- హక్కు: అన్న, అంటే కౌంటుగా ఉన్న రెండో ఆన్రీ కూతురు.
- అభ్యంతరం 1: 1190 నాటి ప్రమాణం.
- అభ్యంతరం 2: ఇజబెల్‌కు కోన్రాడ్ కంటే ముందున్న మొదటి భర్త ఒన్‌ఫ్రువా, ఆన్రీతో పెళ్లినాటికి బతికే ఉన్నాడు, ఆ పెళ్లి రద్దు చెల్లదు, కాబట్టి ఆన్రీ కూతుళ్లు ధర్మసంతానం కాదు.
- అభ్యంతరం 3: ఎరార్, ఫిలిపా మధ్య దగ్గరి రక్తసంబంధం.
- అభ్యంతరం 4: వారసుడికి 21 ఏళ్లు వచ్చేదాకా తండ్రి భూమి మీద దావా వినకూడదు.
- తీర్పు: 1216 జూలైలో మెలన్‌లో రాజు సభ బ్లాంష్, ఆమె కొడుకు వైపు నిలిచింది.
- ముగింపు: యుద్ధం నడిచింది. 1221లో ఎరార్, ఫిలిపా హక్కు వదులుకున్నారు.

ఇక్కడ చాలామంది కాగితం మూసేస్తారు. మూయకండి. ఫిలిపాకు అక్క ఉంది కదా! ఫిలిపా వదులుకుంటే ఆమె హక్కే పోతుంది, ఆలిస్‌ది పోదు. సైప్రస్ రాణి అయిన ఆలిస్ 1233లో స్వయంగా ఫ్రాన్స్ వచ్చింది. 1234లో రాజీ కుదిరింది: 40,000 లివ్ర్‌లు (అప్పటి ఫ్రెంచ్ డబ్బు) రొక్కం, ఏడాదికి 2,000 లివ్ర్‌ల ఆదాయం వచ్చే భూమి.

అంత డబ్బు నాలుగో తిబో దగ్గర ఎక్కడిది? బ్లువా, షార్త్ర్, షాతోదన్, సాన్సెర్‌ల మీద తనకున్న పైహక్కును రాజు తొమ్మిదో లూయీకి అమ్మేశాడు. 1152లో విడిగా రాసుకోమన్న పైహక్కు ఇదే. ఆ గడి రాసుకోకపోతే 1234లో రాజు చేతికి ఏం వెళ్లిందో అర్థం కాదు, తిబో బ్లువానే అమ్మేశాడని రాసేస్తారు.

నా అభిప్రాయం అడిగితే, నాలుగు అభ్యంతరాల్లో ధర్మసంతానం మాట ఎక్కువ చప్పుడు చేసింది కానీ, గెలిపించింది ప్రమాణం, స్వాధీనం. అప్పటికే బ్లాంష్ దగ్గర, కొడుకు దగ్గర రాజు విధేయత తీసుకుని ఉన్నాడు. తీసుకున్న మాటను తానే కాదనలేడు. వారసత్వ గొడవల్లో "ఎవరికి హక్కుంది" కంటే "ఎవరి ప్రమాణం ముందు అందింది" అని వెతకండి.

## 8. ఆ చోటి ఆచారం ఏమిటి?

ఒకటే ఫ్రాన్స్, కానీ వారసత్వ నియమం ఒకటి కాదు. ఎక్కువ గొడవలు ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతాయి: తండ్రి కంటే ముందే కొడుకు పోతే, ఆ కొడుకు పిల్లలు అతని స్థానంలో నిలబడతారా?

ఆర్త్వాలో నిలబడలేదు. కౌంట్ రెండో రోబేర్ 1302లో యుద్ధంలో పోయాడు. కొడుకు ఫిలిప్ 1298లోనే పోయాడు. కౌంటీ మనవడు మూడో రోబేర్‌కు రాలేదు, కూతురు మావోకు వెళ్లింది. అంటే మేనల్లుడి మీద మేనత్త గెలిచింది. 1309లో, 1318లో తీర్పులు ఆమె వైపే వచ్చాయి.

బ్రెటన్ డచీలో వాదన ఎదురు తిరిగింది. డ్యూక్ మూడో జాన్ (ఈయన మాత్రం మగమనిషే, క్షమించాలి) 1341లో పిల్లల్లేకుండా పోయాడు. ముందే పోయిన సొంత తమ్ముడి కూతురు ఒకవైపు, బతికున్న సవతి తమ్ముడు మోన్‌ఫోర్ ఇంకోవైపు. రాజు సభ కాన్‌ఫ్లాన్‌లో కూతురి వైపు తీర్పిచ్చింది. తర్వాత యుద్ధంలో, 1364లో ఓరే దగ్గర, మోన్‌ఫోర్ వర్గం గెలిచింది. రక్తం చార్టు, తీర్పు ఒకవైపు చూపిస్తే, భూమి చార్టు ఇంకోవైపు పోయింది.

షాంపేన్‌లో 1212లో బ్లాంష్ ఒక నియమం పెట్టింది: కొడుకుల్లేని ప్రభువు కోటల్ని కూతుళ్లు పంచుకునేటప్పుడు పెద్దమ్మాయి ముందు ఎంచుకుంటుంది, తర్వాత వరసగా మిగతావాళ్లు. 1224లో నాలుగో తిబో కొడుకుల పంపకానికి నియమం తెచ్చాడు. ఇవి సామంతుల కోటలకు సంబంధించినవి. కౌంటీని మాత్రం 1152 తర్వాత ముక్కలు చేయలేదు. కాబట్టి కింది ప్రభువుల నియమాన్ని పై కౌంటుకు అంటగట్టకండి.

## 9. కూతురి చేతికి వచ్చినప్పుడు

1274లో పసిపిల్ల జాన్ పేరు మీద షాంపేన్, నవార్ రెండూ ఉన్నాయి. తల్లి ఆర్త్వా బ్లాంష్. (1201 నాటి బ్లాంష్ వేరు, గుర్తు తప్పనిసరి.) తల్లి రెండో పెళ్లి ఇంగ్లండ్ రాజు తమ్ముడు ఎడ్మండ్‌తో జరిగింది. జాన్ పెళ్లయ్యేదాకా షాంపేన్ వ్యవహారం అతను చూశాడు. అతను కౌంటు వరసలోకి రాడు, సంరక్షకుడు అంతే.

1284 ఆగస్టు 16న, 11 ఏళ్ల జాన్‌ను రాకుమారుడు ఫిలిప్‌కు ఇచ్చి పెళ్లి చేశారు. మరుసటి ఏడాది అతను నాలుగో ఫిలిప్ రాజయ్యాడు. "1285లో షాంపేన్ ఫ్రాన్స్‌లో కలిసిపోయింది" అని చాలాచోట్ల కనబడుతుంది. అది తప్పు. యజమాని జాన్, ఫిలిప్‌ది భర్తగా హక్కు. 1305లో ఆమె పోయాక కౌంటీ భర్తకు కాదు, కొడుకు లూయీకి వెళ్లింది. 1314లో లూయీ రాజయ్యాకే కౌంటీ, కిరీటం ఒకే మనిషి దగ్గరికి వచ్చాయి.

పదో లూయీ 1316లో పోయాడు. వెనక పుట్టిన కొడుకు కొద్ది రోజులే బతికాడు. మిగిలింది కూతురు, ఈమె పేరూ జాన్. ఇప్పుడు మూడు భూములకు మూడు గీతలు వేయాలి:

- ఫ్రాన్స్: ఆమెకు రాలేదు, పినతండ్రి ఐదో ఫిలిప్‌కు.
- నవార్: 1328లో ఆమెకే వచ్చింది.
- షాంపేన్: రాజులు వదల్లేదు. 1336 నాటి ఒప్పందంలో అంగూలేమ్, మోర్తాన్ లాంటి భూములు, ఆదాయాలు తీసుకుని ఆమె హక్కు వదులుకుంది.

అధికారికంగా కిరీటంతో కలిపేసింది 1361లో, రెండో జాన్ రాజు కాలంలో. (మళ్లీ మగమనిషే. ఫ్రెంచ్‌లో రెండు పేర్లూ వేరుగా పలుకుతారు, మన లిపిలో ఒకటైపోతాయి. అందుకే గుర్తులు వాడమన్నాను.)

ఆడపిల్ల హక్కు దగ్గర "సాలిక్ చట్టం" (స్త్రీలకు వారసత్వం లేదనే నియమం) అని రాసి తప్పించుకోకండి. నవార్‌లో, షాంపేన్‌లో, ఆర్త్వాలో స్త్రీలు వారసులయ్యారు. కిరీటం మాటను కౌంటీల మీదికి తేవడం పెద్ద తప్పు.

## 10. తరచూ జరిగే తప్పులు, దిద్దుబాట్లు

ఒకే మనిషి రెండు చోట్ల. గుర్తుల జాబితాను చనిపోయిన సంవత్సరం ప్రకారం వరస పెట్టండి. ఒకే సంవత్సరం రెండుసార్లు వస్తే, ఒకే మనిషేమో చూడండి.

తల్లి వయసు కుదరడం లేదు. బహుశా మొదటి భార్య పిల్లల్ని రెండో భార్యకు అంటించారు. నాలుగో తిబోకు మూడు పెళ్లిళ్లు. ప్రతి పెళ్లికి తేదీ వేసి పిల్లల్ని దాని కిందే రాయండి.

ఇంటర్నెట్ చెట్టులో ఉంది, దస్తావేజులో లేదు. పెన్సిల్‌తోనే ఉంచండి. పది సైట్లలో ఒకే మాట ఉందంటే ఆధారాలు పది అని కాదు, ఒకరి నుంచి తొమ్మిది మంది దించుకున్నారని.

రాజీలో హక్కు వదులుకున్నవారిని చెరిపేయడం. ఆలిస్ ఉదాహరణ చూశారు కదా. గీతను తుడవకండి, మీద అడ్డగీత కొట్టి తేదీ వేయండి.

## 11. చార్టు సరిగా ఉందో లేదో పరీక్ష

పుస్తకాలు మూసి, మీ రెండు కాగితాలు మాత్రమే చూసి జవాబులు చెప్పండి. నిమిషంలో రాకపోతే చార్టులో ఏదో గడి ఖాళీగా ఉంది.

- 1210లో షాంపేన్ కౌంటు ఎవరు, పాలిస్తున్నది ఎవరు? (నాలుగో తిబో, తల్లి బ్లాంష్.)
- 1291లో షాంపేన్ మీద సొంత హక్కు ఎవరిది? (మొదటి జాన్‌ది, భర్త ఫిలిప్‌ది కాదు.)
- 1222 నాటికి తిబో వంశం మీద ఇంకా బతికున్న దావా ఎవరిది? (ఆలిస్‌ది.)
- రెండో ఆన్రీకి రెండో ఫిలిప్ ఏమవుతాడు? (రెండు జవాబులు రావాలి. ఒకటే వస్తే 4వ మెట్టుకు వెనక్కి వెళ్లండి.)